పాతకాలపు రంగు గాజు: రంగు చెప్పేదెంత, అచ్చు చెప్పేదెంత

మీరు రాసినదాన్ని బట్టి మీ చేతికి వచ్చిన పెట్టెలో మూడు తరహాల సామాను ఉంది: పూలతీగ నగిషీ ఉన్న లేత ఆకుపచ్చ గిన్నె ఒకటి, గులాబి రంగు పళ్ళేలు నాలుగు, నీటి మీది నూనె తెట్టులా కదిపినప్పుడల్లా రంగులు మారే నారింజ వన్నె గిన్నె ఒకటి. ఆకుపచ్చ గిన్నె అతినీలలోహిత టార్చి కింద మెరిసింది కాబట్టి అది నూరేళ్ళ నాటిదేనని ఎవరో మీకు చెప్పారు. అది నిజమేనా, ఇలాంటివి సేకరించడం ఎక్కడ మొదలుపెట్టాలి, వాటిలో తినవచ్చా, ఎలా కడగాలి అన్నవి మీ ప్రశ్నలు. పాతికేళ్ళుగా ఈ గాజును కొంటూ, మధ్యమధ్య మోసపోతూ నేర్చుకున్నది రాస్తున్నాను. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

వెలిగినంత మాత్రాన గాజు పాతదైపోదు. ఆ వెలుగు చెప్పేదల్లా అందులో యురేనియం ఉండవచ్చునని. యురేనియం అనే మూలకాన్ని మార్టిన్ క్లాప్రోత్ 1789లో గుర్తించాడు. 1830ల్లో బొహీమియాలో (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) రీడెల్ కుటుంబంవారు దానితో పసుపు, ఆకుపచ్చ గాజులు తయారుచేసి తమ ఇంట్లోని అన్నా పేరు కలిసివచ్చేలా వాటిని అన్నాగెల్బ్, అన్నాగ్రూన్ అని పిలిచారు. ఆ తరవాత వందేళ్ళకు పైగా యూరప్‌లోనూ అమెరికాలోనూ యురేనియం గాజు విరివిగా వచ్చింది. అమెరికాలో 1943 నుంచి 1958 దాకా ఆ ఖనిజం ప్రభుత్వ అదుపులో ఉండడంతో గాజు కార్ఖానాలకు అందలేదు. ఆంక్షలు సడలాక మళ్ళీ మొదలైంది, కొద్దిపాటి ఉత్పత్తి ఇటీవలి కాలంలో కూడా సాగింది. అంటే మీ గిన్నె వెలగడం వల్ల అది 19వ శతాబ్దపు మొదటి భాగం కన్నా ముందుది కాదని తెలిసిందే తప్ప, మొన్నటిది కాదని తెలియలేదు. ఈ విద్యలో దాదాపు ప్రతి ఆధారమూ ఇలాంటిదే. ‘ఇంతకంటే ముందు కాదు’ అని చెప్పేవి చాలా దొరుకుతాయి, ‘ఇంతకంటే తరవాత కాదు’ అని చెప్పేవి అరుదు. కొత్తగా సేకరణకు దిగినవారు చేసే తప్పుల్లో సగానికి పైగా ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్ల వచ్చేవే.

పైగా ఆ టార్చి పరీక్ష కూడా అందరూ అనుకున్నంత సూటి కాదు. 365 నానోమీటర్ల కాంతి కింద మాంగనీసు కలిసిన గాజు కూడా మసక ఆకుపచ్చగా వెలుగుతుంది. 395 నానోమీటర్ల టార్చి కింద మాంగనీసు దాదాపు ఊరుకుంటుంది, యురేనియం మాత్రం నిమ్మపచ్చగా భగ్గుమంటుంది. కాడ్మియంతో రంగు వచ్చిన గాజు పసుపుకో నారింజకో తిరుగుతుంది. కాబట్టి టార్చి కొనేటప్పుడు దాని తరంగదైర్ఘ్యం ఎంతో చూసి కొనండి. రెండు రకాలూ ఉంటే మరీ మంచిది.

ఇక రంగుల సంగతి. సేకరించేవారు ముందుగా తెలుసుకోవలసింది కార్ఖానాల పేర్లు కావు, ఏ రంగు ఏ పదార్థం వల్ల వస్తుందన్నది. గాజుకు మూలం ఇసుక, సోడా, సున్నం. ఇసుకలో కాస్తో కూస్తో ఇనుము ఉంటుంది కాబట్టి, ఏమీ కలపకుండా కరిగించిన మామూలు గాజు పచ్చ ఛాయతోనే వస్తుంది. అసలు కష్టమంతా ఆ పచ్చదనాన్ని పోగొట్టడంలో ఉండేది. అందుకు మాంగనీసు డయాక్సైడు కలిపేవారు. మురికి వదలగొడుతుంది కాబట్టి దానికి గాజుపనివారి సబ్బు అని పేరు. అయితే మాంగనీసుతో తేటపరచిన గాజు ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే మెల్లగా ఊదా రంగుకు తిరుగుతుంది, ఎందుకంటే అతినీలలోహిత కిరణాలు అందులోని మాంగనీసు స్థితిని మారుస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మాంగనీసు సరఫరా దెబ్బతిన్నాక చాలా కార్ఖానాలు సెలీనియంకు మారాయి; అలాంటి గాజు ఎండకు గడ్డి పసుపు ఛాయ తెచ్చుకుంటుంది. ఎండలో ఊదా తిరిగిన పాత్రలంటే కొందరికి మోజు. ఆ మోజు చూసి కొందరు అమ్మకందారులు పాత తేట గాజును కృత్రిమంగా వికిరణానికి గురిచేసి వంకాయ రంగు వచ్చేదాకా ముదరబెడతారు. ఎండ వల్ల వచ్చేది సాధారణంగా లేత ఛాయే. మరీ చిక్కగా ఉంటే అనుమానించాలి. నా మటుకు నాకు ఈ పని నచ్చదు. ఒకసారి అలా ముదిరిన గాజును చూసి అది ఎండలో ఎన్నేళ్ళు ఉందో ఎవరూ చెప్పలేరు.

నీలం కోబాల్టుది. వెయ్యి పాళ్ళలో ఒక పాలు కూడా అక్కరలేకుండానే గాజును ముదురు నీలం చేయగల పదార్థం అది. అందుకే ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా కోబాల్టు నీలం కనిపిస్తుంది, కాలనిర్ణయానికి మాత్రం ఏమీ పనికిరాదు. రాగి కొలిమిలోని గాలిని బట్టి ఒకసారి నెమలినీలం, మరొకసారి ఎరుపు ఇస్తుంది. బంగారం కథ వీటన్నిటిలో రుచికరమైనది. నాలుగో శతాబ్దపు రోమన్ పనితనమైన లైకర్గస్ పాత్ర బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ముందు నుంచి వెలుగు పడితే పచ్చగా, వెనక నుంచి వెలుగు ప్రసరిస్తే ఎర్రగా కనబడుతుంది. కంటికి ఆనని బంగారు, వెండి రేణువులు దానికి కారణం. ఆ విద్య మరుగున పడ్డాక 17వ శతాబ్దపు చివరి దశకాల్లో యోహాన్ కుంకెల్ బ్రాండెన్‌బర్గ్‌లో బంగారంతో కెంపు గాజును స్థిరంగా తీయగలిగాడు. బంగారాన్ని ద్రవరాజంలో, అంటే బంగారాన్ని సైతం కరిగించే ఆమ్లాల మిశ్రమంలో, కరిగించి ముడిసరుకులో కలుపుతారు. పోత పోసినప్పుడు గాజు దాదాపు రంగు లేకుండా వస్తుంది, మళ్ళీ వేడి చేసినప్పుడు రేణువులు కూడుకుని ఎరుపు తేలుతుంది. కరుగుతున్న గాజులోకి బంగారు నాణెం విసిరేవారన్న కథ మీకు ఎవరైనా చెబితే విని నవ్వి ఊరుకోండి. ముద్ద బంగారం అలా గాజులో కరగదు. ఈ రెండో వేడి గుట్టును తెలివిగా వాడుకున్నది జోసెఫ్ లాక్ 1883లో పేటెంటు తీసుకున్న అంబెరీనా అనే గాజు. తేనె రంగు గాజులో కొద్దిగా బంగారం కలిపి, పాత్ర పై భాగాన్ని మాత్రమే మళ్ళీ కొలిమికి చూపిస్తే అంచు కెంపుగా, అడుగు తేనె రంగుగా నిలిచిపోతుంది. అంబెరీనాలో ఒక రంగు మరొకదానిలోకి ఎక్కడ మారిందో గీత కనబడదు. గీత గీసినట్టు కనబడితే అది పై పూత రంగు.

ఈ పూత విషయం కొంచెం ఆగి చెప్పాలి. గాజుకు రంగు మూడు విధాలుగా ఉంటుంది: గాజంతా ఒకే రంగుగా ఉండడం, తేట గాజు మీద పలచని రంగు గాజు పొర తొడగడం, ఉపరితలం మీద మరక రంగు వేసి కాల్చడం. బొహీమియాలో ఫ్రీడ్రిక్ ఎగర్‌మన్ ఈ మూడో పద్ధతిలో ఘనుడు. 1830ల్లో అతడు సాధించిన ఎర్ర మరక చూస్తే బంగారు కెంపు గాజేనని పొరబడతాం. అంచును వెలుతురుకు పెట్టి పక్క నుంచి చూడండి. అంచు మందమంతా రంగు ఉంటే మొదటి రకం, తేట గాజు మీద పలచని రంగు గీత కనిపిస్తే పొర, పొర మందం కూడా లేకుండా చెక్కిన చోట రంగు పోయి తేట గాజు కనిపిస్తే మరక. దీనికి అర నిమిషం కన్నా ఎక్కువ పట్టదు.

మీ సామాను విషయానికి దగ్గరగా వచ్చేది అచ్చు గాజు చరిత్ర. ఊదే గొట్టంతో గాజు చేయడం క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం నుంచే ఉంది, కాని కరిగిన గాజును లోహపు అచ్చులో పోసి మీట కర్రతో నొక్కే యంత్రాలు 1820ల్లో అమెరికాలో వ్యాపించాయి. మసాచుసెట్స్‌లోని శాండ్‌విచ్‌లో డెమింగ్ జార్విస్ 1825లో మొదలుపెట్టిన కార్ఖానా వాటిలో పేరుపొందినది. నొక్కుడు గాజు అసలు చవకైంది 1864 తరవాతే. వీలింగ్ పట్టణంలోని హాబ్స్ బ్రాకనియర్ కార్ఖానాలో విలియం లైటన్ సీసం అక్కరలేని సోడా సున్నపు గాజుకు మంచి పాళ్ళు కుదిర్చాడు. సీసపు గాజు బరువుగా, వేలితో మీటితే గంటలా మోగుతుంది; ఇది తేలికగా, టప్పుమని పలుకుతుంది. అందులో ఘనత తక్కువని అప్పటి సంపన్నులు అనుకున్నా, మామూలు ఇళ్ళలోకి రంగు గాజు రావడానికి తలుపు తెరిచింది ఆ మార్పే.

మీ నారింజ గిన్నె కార్నివాల్ గాజు కోవకు చెందినది. వెస్ట్ వర్జీనియాలోని విలియమ్స్‌టౌన్‌లో ఫెంటన్ సోదరుల కార్ఖానా 1907 - 08 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టింది. నార్త్‌వుడ్, ఇంపీరియల్, డూగన్, మిల్లర్స్‌బర్గ్ వెంటనే అందుకున్నాయి. అచ్చులోంచి తీసిన వేడి పాత్ర మీద లోహ లవణాల ద్రావణం చల్లితే ఆ తెట్టు మెరుపు వస్తుంది. టిఫనీ కార్ఖానా చేతితో చేసే ఖరీదైన వన్నె గాజుకు ఇది పేదవాళ్ళ ప్రతి. మోజు తగ్గాక మిగిలిన సరుకు జాతరల్లో బహుమతులుగా పోయింది కాబట్టి తరవాతి కాలపు సేకర్తలు దానికి ఆ పేరు పెట్టారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కార్నివాల్ గాజు రంగు చెప్పేటప్పుడు పైన కనిపించే మెరుపును కాక, కింద ఉన్న అసలు గాజు రంగునే చెబుతారు. గిన్నెను తిరగేసి, మెరుపు పూత అంటని పాదం భాగాన్ని దీపానికి పట్టి చూడండి. నీలమో ఊదానో కనిపిస్తే ఆ పేరుతోనే పిలవాలి. తేట గాజు మీద నారింజ మెరుపు ఉంటే మాత్రం దాన్ని మారిగోల్డ్ అంటారు. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చింది, ఇప్పటికీ సులువుగా దొరికేది ఇదే. ఇంపీరియల్ 1962 నుంచి పాత అచ్చులతోనే మళ్ళీ చేసింది, కాని నిజాయితీగా ఐ, జీ అక్షరాలు కలిపిన గుర్తు వేసింది. ఇండియానా కార్ఖానా 1970ల్లో ద్రాక్షగుత్తుల నగిషీతో చాలా సరుకు పోసింది. అది చూడ్డానికి బాగానే ఉంటుంది గాని, 1910 నాటిదని చెప్పి అమ్మితే నమ్మకండి.

ఆకుపచ్చ గిన్నె, గులాబి పళ్ళేలు డిప్రెషన్ గాజు కావచ్చు. అమెరికాలో 1929 ఆర్థిక పతనానికి కొంచెం ముందు నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా హేజెల్ అట్లాస్, హాకింగ్, జానెట్, ఫెడరల్, ఇండియానా, మాక్‌బెత్ ఎవాన్స్ వంటి కార్ఖానాలు ఎడతెగకుండా కరిగించే తొట్టి కొలుములతో, తమంత తామే నొక్కే యంత్రాలతో రాశులు రాశులుగా పోసిన చవక సామాను అది. అందులో నగిషీని పాత్ర మీద చెక్కలేదు, అచ్చులోనే చెక్కారు; పూలతీగలు, జాలీ అల్లికలు అంత దట్టంగా ఉండడానికి ఒక కారణం, నాసిరకం గాజులోని బుడగలనూ గీతలనూ అవి కప్పిపుచ్చడం. ఓట్స్ డబ్బాలో ఒక పళ్ళెం పెట్టి అమ్మేవారు, సినిమా హాళ్ళు వారంలో ఒక రాత్రి టికెట్టుతో పాటు ఒక గిన్నె ఇచ్చేవి. ఇంట్లో పూర్తి వరస కావాలంటే వారం వారం వెళ్ళాల్సిందే. ఉపాధి పోయిన రోజుల్లో భోజనాల బల్ల మీదికి రంగు తెచ్చిన గాజు కాబట్టి, అందులో బుడగలు, అంచుల వంకరలు ఉంటే అది లోపమని బాధపడకండి. మచ్చుకు జానెట్ వారి చెర్రీ బ్లాసమ్, హాకింగ్ వారి మేఫెయిర్, మాక్‌బెత్ ఎవాన్స్ వారి అమెరికన్ స్వీట్‌హార్ట్ 1930ల మొదట్లో వచ్చినవి. హేజెల్ అట్లాస్ వారి రాయల్ లేస్ 1934లో వచ్చింది. గులాబి రంగు సెలీనియం వల్ల. ఆకుపచ్చ ఇనుము, క్రోమియం వల్ల కావచ్చు, యురేనియం వల్ల కావచ్చు. ఒకే కార్ఖానా వేర్వేరు వారాల్లో వేర్వేరు పాళ్ళు వాడింది. అందువల్ల మీ నాలుగు పళ్ళేల్లో ఒకటి మిగతావాటి కన్నా వెలిసినట్టు ఉంటే కంగారు పడవద్దు; అప్పటి తొట్లలో ఛాయ అలాగే మారుతూ ఉండేది.

అదే కాలంలో హైసీ, కేంబ్రిడ్జి, ఫాస్టోరియా వంటి కార్ఖానాలు చేతి పనితో ఖరీదైన గాజు చేశాయి. అడుగును సానపట్టడం, అచ్చు గీతలు కనబడకుండా మంటతో మెరుగుపెట్టడం వాటి లక్షణం. హైసీ గుర్తు వజ్రాకారపు గడిలో హెచ్ అక్షరం. ఆ గుర్తు కనబడగానే హైసీ అనుకోవడం కూడా పొరపాటే: హైసీ 1957లో మూతపడ్డాక దాని అచ్చులు ఇంపీరియల్ చేతికి వెళ్ళాయి, కొన్నాళ్ళు ఆ గుర్తు అచ్చులో అలాగే ఉండిపోయింది. అచ్చులు ఒక చేతి నుంచి మరొక చేతికి మారుతూ ఉండడమే ఈ రంగంలోని పెద్ద చిక్కు. ఫెడరల్ కార్ఖానా తన మాడ్రిడ్ అనే నగిషీని 1976లో రికలెక్షన్ అనే పేరుతో మళ్ళీ తెచ్చి, అచ్చులో 76 అంకెలు చిన్నగా వేసింది. తరవాత ఆ అచ్చులు ఇండియానా చేతికి వెళ్ళాయి, ఆ నగిషీ మరికొన్ని రంగుల్లోనూ వచ్చింది. చెర్రీ బ్లాసమ్‌కు 1973 నుంచి నకళ్ళు ఉన్నాయి. బ్రిటన్ గాజు మీద ఉండే పతంగి ఆకారపు ముద్ర 1842 నుంచి 1883 దాకా నమోదైన నమూనాలది, పైన ఉండే రోమన్ మూడు అంకె గాజు వర్గానిది. 1884 నుంచి వరస సంఖ్యలు వచ్చాయి. అవి కూడా నమూనా నమోదైన రోజును చెబుతాయే గాని, మీ చేతిలోని పాత్రను పోసిన రోజును చెప్పవు.

మధ్యమధ్య మోసపోయానని మొదట్లో చెప్పాను కదా, అలాంటిది ఒకటి చెబుతాను. ఒక పాత సామాను అంగడిలో కోబాల్టు నీలం రాయల్ లేస్ గ్లాసులు ఆరు ఒకేసారి కనిపించాయి. రంగు అద్భుతంగా ఉంది. నేను రంగునే చూశాను. ఇంటికి తెచ్చి, నా దగ్గర ఉన్న పాత గ్లాసు పక్కన పెడితే కొత్తవాటి అడుగు మందంగా, జాలీ గీతలు మొద్దుగా, పట్టుకుంటే చేతికి జిడ్డు తగిలినట్టుగా ఉన్నాయి. ఆరింటి అడుగునా ఒక్క గీత లేదు. ఎనభై ఏళ్ళు బల్ల మీద జరిగిన గ్లాసుకు అడుగున గీతలు లేకపోవడం ఎలా సాధ్యం? అప్పటి నుంచి ఏ పాత్రనైనా ముందు తిరగేసే చూస్తాను. నిజమైన అరుగుదల బల్లకు ఆనే అంచు మీద మాత్రమే ఉంటుంది, గీతలు పొడవు పొట్టిగా అన్ని దిక్కులకూ పోతాయి. గరుకు కాగితంతో రుద్ది పాతబరిచిన వాటిలో గీతలన్నీ ఒకే తీరున, ఒకే దిక్కున, బల్లకు ఆనని గుంటల్లో కూడా ఉంటాయి. ‘ఇంతకంటే తరవాత కాదు’ అన్న మాటకు కాస్తో కూస్తో సాక్ష్యమిచ్చేది ఈ అరుగుదల ఒక్కటే. అదైనా వాడకుండా బీరువాలో దాచిన పాత్రల విషయంలో మూగబోతుంది. అలాంటప్పుడు అచ్చు గీతలు, కొలతలు, నగిషీ పదును చూసి, ఖాయంగా పాతదని తెలిసిన దానితో పక్కపక్కన పోల్చడమే దారి.

వాడకం సంగతి. యురేనియం గాజు వెలువరించే వికిరణం చాలా తక్కువ. అల్మారాలో పెట్టుకోవడానికీ, చేతితో పట్టుకోవడానికీ భయపడనక్కరలేదు. అయినా పులుపు పదార్థాలు అందులో నిలవ ఉంచవద్దు, రోజూ తినడానికి వాడవద్దు. పెచ్చు ఊడిన అంచును సానపట్టించాలని మాత్రం అసలు అనుకోవద్దు, ఎందుకంటే ఆ పొడిని పీల్చడమే అసలు ప్రమాదం. సీసపు గాజు కూజాల్లో పానీయాలను రోజుల తరబడి ఉంచడం కూడా మంచిది కాదు.

కడగడానికి సింకులో మందపాటి గుడ్డ పరచి, గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా సబ్బు వాడండి, ఒక్కొక్కటిగా కడగండి. చల్లగా ఉన్న పాత గాజు మీద వేడినీళ్ళు పోస్తే పగలవచ్చు. పాత్రలు కడిగే యంత్రంలో మాత్రం వేయకండి. అందులోని వేడి, ఘాటైన క్షారం కలిసి గాజు పైపొరను కొరికేస్తాయి. లోపల తెల్లటి మసక ఉంటే ముందుగా పలచని వెనిగర్‌ను కొంతసేపు ఉంచి చూడండి. నీటిలోని సున్నం పేరుకున్నదైతే పోతుంది. పోకపోతే నీరు నిలిచి గాజులోని క్షారం కారిపోయి ఉపరితలమే చెడిందని అర్థం. దాన్ని గాజు జబ్బు అంటాం, ఇంట్లో చేయగల వైద్యం లేదు. నూనె రాసి తాత్కాలికంగా తేటగా కనిపించేలా చేసి అమ్మేవాళ్ళున్నారు, కాబట్టి కొనేటప్పుడు లోపల వేలు పెట్టి చూడండి. కార్నివాల్ మెరుపును పీచుతో గాని పొడితో గాని రుద్దితే ఆ వన్నె పోతుంది, మళ్ళీ రాదు.

సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నా అభిప్రాయం: రంగును బట్టి కాక, ఒక నగిషీని బట్టి మొదలుపెట్టండి. నచ్చిన రంగల్లా కొంటే ఏడాదికి అల్మారా నిండుతుంది గాని కన్ను పదునెక్కదు. ఒకే నగిషీలో పది పాత్రలు చేతిలో పట్టుకుంటే, పదకొండోది నకలైతే బరువులోనే తెలిసిపోతుంది. మీకు అలాంటి నాలుగు పళ్ళేలు ఇప్పటికే ఉన్నాయి. ముందు వాటి అడుగులు చూడండి. అంచు చుట్టూ గోటితో నిదానంగా తడిమి పెచ్చులు ఎక్కడున్నాయో గుర్తించండి. వాటిని ఒకదానిపై ఒకటి పెట్టేటప్పుడు మధ్యలో మెత్తటి గుడ్డ వేయండి. నగిషీ పేరు తేలాక, అదే నగిషీలో ఐదోది వెతకండి.